ల్యాప్‌టాప్‌లో నడిచింది, క్లౌడ్‌లో ఆగింది!

ఫైనలియర్ ప్రాజెక్టు ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది. క్లౌడ్‌లో పెట్టాక హోమ్ పేజీ వస్తుంది కానీ, లాగిన్ నొక్కగానే ఎర్రర్. మల్లాపూర్, నాచారం నుంచి వచ్చి ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట కోచింగ్‌లకు వెళ్లే విద్యార్థులూ ఇక్కడ తడబడుతుంటారు. కొందరు విసిగిపోయి రెజ్యూమెలో గిట్‌హబ్ లింకు మాత్రమే ఇచ్చి ఊరుకుంటారు. తప్పు. ‘ప్రాజెక్టులో మీకు ఎదురైన ఇబ్బంది ఏమిటి?’ అన్న ఇంటర్వ్యూ ప్రశ్నకు అసలైన జవాబు ఈ ఎర్రర్‌లోనే ఉంది.

కారణం చాలాసార్లు ఒక్కటే. కోడ్‌లో డేటాబేస్ చిరునామా లోకల్‌హోస్ట్ అని ఉంటుంది. అంటే 127.0.0.1, కోడ్ ఏ మెషిన్‌లో నడిస్తే ఆ మెషినే. క్లౌడ్ సర్వర్‌లో మీ మైఎస్‌క్యూఎల్ ఉండదు కదా! హోస్ట్, పోర్ట్, యూజర్, పాస్‌వర్డ్, డేటాబేస్ పేరు... ఈ ఐదింటినీ కోడ్‌లోంచి తీసి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టాలి. పాస్‌వర్డ్ ఇప్పటికే గిట్‌హబ్‌కు వెళ్లిపోయి ఉంటే ఫైల్ తీసేసినా లాభం లేదు, పాత కమిట్లలో అది అలాగే కనిపిస్తుంది. పాస్‌వర్డే మార్చేయాలి.

ఇక ఎర్రర్‌ను చదవడం. చాలామంది దాన్ని చదవకుండానే కాపీ చేసి ఏఐ చాట్‌బాట్‌లో పేస్ట్ చేస్తున్నారు. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటే మెషిన్ దాకా వెళ్లారు కానీ ఆ పోర్ట్‌లో ఎవరూ వినడం లేదు. లోకల్‌హోస్ట్ మార్చడం మరిచారేమో, లేదా పోస్ట్‌గ్రెస్ పోర్ట్ 5432 ఇవ్వాల్సిన చోట మైఎస్‌క్యూఎల్‌ది 3306 ఇచ్చారేమో చూడండి. ‘టైమ్‌డ్ అవుట్’ వస్తే ముందు ఫైర్‌వాల్‌ను అనుమానించాలి. డేటాబేస్ అమెజాన్ ఆర్‌డీఎస్‌లో ఉంటే సెక్యూరిటీ గ్రూప్ ఇన్‌బౌండ్ రూల్స్‌లో మీ సర్వర్ సెక్యూరిటీ గ్రూప్‌కు అనుమతి ఇవ్వాలి. 0.0.0.0/0 పెట్టేస్తే పని జరుగుతుంది, నిజమే. ప్రపంచం మొత్తానికీ తలుపు తెరిచినట్టే! ఇంటర్వ్యూలో అలా చేశానని చెబితే మార్కులు పోతాయి.

1045 నంబరుతో ‘యాక్సెస్ డినైడ్’ వస్తే నిరుత్సాహపడకండి, డేటాబేస్ దాకా చేరినట్టే. యూజర్, పాస్‌వర్డ్ సరిచూస్తే చాలు. పాస్‌వర్డ్‌లో @ గుర్తు ఉండి, దాన్ని కనెక్షన్ యూఆర్ఎల్‌లో పెడుతుంటే %40 అని రాయాలి. ఈ చిన్న గుర్తు దగ్గర గంటలు పోతాయి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకోటి ఉంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. కొత్త ఖాతాలో అది ఆన్ చేసి ఉండదు, మనమే ఎనేబుల్ చేసుకోవాలి. 2016 నుంచి ఉన్న ముంబయికి ఆ బెడద లేదు. అందుకని డేటాబేస్ ముంబయిలో పెట్టి, తర్వాత ఊరి మీద అభిమానంతో సర్వర్ హైదరాబాద్‌లో పెడితే, ఇక్కడి సెక్యూరిటీ గ్రూప్‌ను అక్కడి రూల్‌లో ఇవ్వడం కుదరదు. రెండు నెట్‌వర్క్‌లనూ కలుపుదామంటే, డిఫాల్ట్ వీపీసీలు రెండింటికీ 172.31.0.0/16 అనే ఒకే అడ్రస్ శ్రేణి ఉంటుంది కాబట్టి పీరింగ్ కూడా ఒప్పుకోదు. రెండూ ఒకే రీజియన్‌లో పెట్టండి.

పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్ కావచ్చు, ఉప్పల్‌లోని చిన్న కంపెనీ కావచ్చు, సపోర్ట్, డెవ్‌ఆప్స్ ఉద్యోగాల్లో రోజువారీ పని దాదాపు ఇదే. ఏ ఎర్రర్ వచ్చింది, దేన్ని అనుమానించారు, ఏది మార్చితే తీరింది అన్నది ప్రాజెక్ట్ రీడ్‌మీలో నాలుగు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. సర్టిఫికెట్ల జాబితా కంటే నేను దానికే విలువ ఇస్తాను.

పని అయ్యాక ఆర్‌డీఎస్‌ను ‘స్టాప్’ చేసి వదిలేయకండి. 7 రోజులకు అది తనంతట తానే మళ్లీ మొదలవుతుంది, బిల్లు వస్తుంది. అవసరం లేకపోతే డిలీటే చేయండి.