మైదానము గట్టున నిలబడిన తలిదండ్రులు
(ఈ నెల అధ్యయన పాఠము)



బెంగళూరులో స్థిరపడిన మన కుటుంబాలలో ఫుట్‌బాల్ క్లబ్బులకు వెళ్ళే పిల్లలు ఇప్పుడు ఎంతోమంది. ఆరాధన ముగిసిన తరువాత మెట్ల దగ్గర నిలబడి మనవారు మాట్లాడుకొనే మాటలలో ఇంటి అద్దెలు, ట్రాఫిక్కు, స్కూలు ఫీజులతోపాటు "కోచ్ మావాణ్ణి ఆడించడం లేదండీ" అన్న మాట కూడ చేరింది. ఈ మాటను తేలికగా తీసివేయకూడదని మా అభిప్రాయము. దాని వెనుక డబ్బున్నది, సెలవు దినమున్నది, అన్నిటికంటె ముఖ్యముగా ఒక పిల్లవాని మనస్సున్నది. అందుచేత ఈ నెల పాఠమునకు దీనినే తీసుకున్నాము. తలిదండ్రుల విసుగులో న్యాయమైనది ఏది, మన పంతము వలన వచ్చినది ఏది అని వేరుచేసి చూడడమే మా ఉద్దేశ్యము.

మొదట ఒక తేడాను గమనించాలి. మనము పెరిగిన ఊళ్ళలో ఆటకు ఫీజు లేదు. ఒంగోలులోగాని కావలిలోగాని మిషను కాంపౌండులో సాయంత్రము బంతి ఉన్నవాడే నాయకుడు. ఎవరు ముందు ఆడాలి, ఎవరు గోలులో నిలబడాలి అన్నది పిల్లలే తగవులాడుకొని తేల్చుకొనేవారు. పెద్దలు వచ్చి చూచేవారు కారు. చీకటి పడితే అమ్మ కేక వేసేది, అంతే. బెంగళూరులో ఆ వీధి లేదు, ఆ మైదానము లేదు. మారతహళ్ళిలోను, హెచ్.ఎస్.ఆర్. లేఅవుటులోను, సర్జాపూర్ రోడ్డు పొడుగునా వల కట్టిన కృత్రిమ పచ్చిక టర్ఫులున్నాయి, కొన్నైతే మేడల మీదనే ఉన్నాయి. ఆటను గంటల లెక్కన కొనుక్కోవాలి. కొన్నదానికి ప్రతిఫలము చూడాలని మనస్సు ఊరుకోదు. తండ్రి శనివారము తెల్లవారుజామున లేచి, సిల్క్ బోర్డు దాటి, గంటన్నర బండి నడిపి తీసుకొనివెళ్ళితే పిల్లవాడు చివరి ఎనిమిది నిమిషాలు ఆడతాడు. తండ్రికి కోపము రాకుండ ఎలా ఉంటుంది?

ఇక క్లబ్బు ఎలా నడుస్తుందో కొంచెము తెలుసుకుందాము. ఫిఫా నియమముల ప్రకారము, ఒప్పందములో ఉన్న ఆటగాడిని ఒక దేశపు క్లబ్బు మరొక దేశపు క్లబ్బుకు అమ్మినప్పుడు, ఆ సొమ్ములో 5 శాతమును అతనికి 12 నుండి 23 ఏళ్ళ వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. ఐరోపాలోని చిన్న క్లబ్బులకు అది కొంత ఆసరా. మన పేటలోని అకాడమీకి అటువంటి రాబడి దాదాపు ఉండదు. అది బ్రతికేది మనము కట్టే ఫీజు మీదనే. అందులోనుండే టర్ఫు అద్దె, కోచ్ జీతము. ఆ కోచ్ కూడ ఉదయము ఒక చోట, సాయంత్రము మరొక చోట పనిచేస్తేగాని ఇల్లు గడవని మనిషి. అందుచేత ఎక్కువమందిని చేర్చుకుంటారు. క్లబ్బుకు పేరు తెచ్చే జట్టుకు మంచి కోచ్, మంచి వేళ దొరుకుతాయి. మిగిలిన పిల్లల ఫీజు ఆ ఖర్చును మోస్తుంది. ఇది మోసమని మేము అనము. కాని చేర్చుకొనే రోజున ముఖాముఖిగా చెప్పవలసిన సంగతి. వారు చెప్పరు, మనము అడుగము. అడగనిదే అమ్మైనా పెట్టదని ఊరకే అన్నారా?

కాబట్టి డబ్బు కట్టకముందే అడగండి. లీగు ఆటలలో ప్రతి పిల్లవానికి కనీసము ఎంతసేపు అవకాశము ఇస్తారు? టోర్నమెంటు ఫీజు, జెర్సీ ఖర్చు నెల ఫీజులో చేరినవా, వేరా? కోచ్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వారి డి లైసెన్సు అయినా ఉన్నదా? బయట ఊరికి తీసుకొనిపోతే రాత్రి పిల్లలతో ఎవరు ఉంటారు? ఈ చివరి ప్రశ్నకు సరియైన జవాబు రాకపోతే, ఎంత పేరున్న క్లబ్బు అయినా సరే, ఆ ప్రయాణమునకు పంపవద్దు.

ఇప్పుడు బెంచీ మీద కూర్చున్న పిల్లవాని సంగతి. మనవారిలో కొందరికి వెంటనే కలిగే అనుమానము ఒకటున్నది: "మనము తెలుగువాళ్ళం కదా, అందుకే తీసుకోలేదు." ఎక్కడో ఒక చోట పక్షపాతము ఉండవచ్చు, లేదని చెప్పలేము. కాని ఆ మాట పిల్లవాని చెవిని వేయకముందు అతడు పుట్టిన నెల చూడండి. మన దేశములో వయస్సు విభాగాలను సాధారణముగా జనవరి 1 నుండి లెక్కిస్తారు. జనవరిలో పుట్టినవాడు, అదే సంవత్సరము డిసెంబరులో పుట్టినవాడు ఒకే విభాగములో ఆడతారు. పదేళ్ళ వయస్సులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులో, బలములో, పరుగులో కంటికి కనిపించే తేడా. కోచ్ పెద్దవాణ్ణి ఎంచుకుంటాడు. ఎంచుకోబడినవాడు ఎక్కువ ఆడి ఇంకా మెరుగవుతాడు. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ళ పుట్టిన తేదీలు పరిశీలించినవారు 1980ల నడుమ ఈ సంగతి బయటపెట్టారు. ఆ తరువాత ఎన్నో దేశాల ఫుట్‌బాల్‌లో ఇదే కనబడింది. మీవాడు నవంబరు, డిసెంబరు బిడ్డ అయితే అతనిలో లోపము వెదకవద్దు. కోచ్‌తో ఈ మాట మర్యాదగా చెప్పండి. చాలామంది కోచ్‌లు ఆలోచిస్తారు.

వయస్సు మాట వచ్చినది కనుక మరొక బాధ కూడ. ఎదుటి జట్టులో మీసాలు మొలిచిన "పన్నెండేళ్ళ" పిల్లలను చూచి మన తల్లులు నివ్వెరపోతున్నారు. ఇది న్యాయమైన కోపమే. ఈ దొంగ లెక్కలు ఎంత పాతుకొనిపోయినవంటే, కేంద్ర ప్రభుత్వము 2010లో దీని కొరకే ఒక జాతీయ నియమావళి చేయవలసి వచ్చింది. ఎడమ మణికట్టును ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయస్సు అంచనా కట్టే పరీక్ష కూడ ఉన్నది. అనుమానముంటే ఆట మధ్యలో అరవడము కాక, క్లబ్బు ద్వారా నిర్వాహకులకు వ్రాసి ఇవ్వాలి. అదేవిధముగా మన కాగితాలు మనము సరిచేసుకోవాలి. ఊళ్ళో తీసిన జనన ధృవపత్రములో ఇంటిపేరు ముందు, ఆధార్ కార్డులో వెనుక ఉంటే, రిజిస్ట్రేషను రోజున తిరగవలసినది మనమే. ఒక సంవత్సరము తగ్గించి వ్రాయిస్తే ఏమి పోయిందని సలహా ఇచ్చే పెద్దమనుషులు మనలోను ఉన్నారు. ఒక మంచి పిల్లవాని స్థలము పోతుంది, మరేమీ కాదు.

మైదానము గట్టు మీద జరిగే సంగతి ఒకటి మన కుటుంబాలకే ప్రత్యేకము. కోచ్ ఇంగ్లీషులోనో కన్నడములోనో "పాస్ ఇవ్వు" అంటాడు. అదే క్షణములో గట్టు మీదనుండి తండ్రి తెలుగులో "ఇవ్వొద్దురా, నువ్వే కొట్టు!" అని కేక వేస్తాడు. కోచ్‌కు తెలుగు రాదు, తండ్రికి కోచ్ పథకము తెలియదు. రెండూ అర్థమయ్యేది మైదానములో ఉన్న ఆ ఒక్క పిల్లవానికే. వాని కాలు అక్కడే ఆగిపోతుంది, బంతి పోతుంది. ఆ తరువాత ఇద్దరూ వాణ్ణే తిడతారు. తోటి పిల్లలు నవ్వుతారేమోనని కొందరు పిల్లలు "నాన్నా, నువ్వు రావద్దు" అనేవరకు వస్తున్నది. తండ్రికి అది అవమానముగా ఉంటుంది. పిల్లవాడు అడిగినది మాత్రము కొంచెము నిశ్శబ్దము.

ఈ వ్యాధి మనకొక్కరికే లేదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో ఒక బాలికల లీగు వారు 1999 అక్టోబరులో ఒక ఆదివారమును "మౌన ఆదివారము"గా ఏర్పాటు చేశారు. తలిదండ్రులుగాని కోచ్‌లుగాని నోరు మెదపకూడదు. నోరు ఊరుకోనివారికి చప్పరించడానికి మిఠాయిలు ఇచ్చారట! నార్వే దేశములో 1987లో మొదలుపెట్టి 2007లో సవరించిన నియమాలున్నాయి. వాటి ప్రకారము పిల్లలకు పదకొండేళ్ళు వచ్చేవరకు స్థానాల పట్టికలు వేయరు, పదమూడేళ్ళ వరకు జాతీయ స్థాయి పోటీలు పెట్టరు. మన దేశములో కూడ సమాఖ్యవారు 2018లో చిన్నపిల్లల కొరకు గోల్డెన్ బేబీ లీగులు మొదలుపెట్టినప్పుడు, చిన్న మైదానము, తక్కువమంది ఆటగాళ్ళు, ప్రతి పిల్లవాని కాలికి ఎక్కువసార్లు బంతి తగలడము అన్నదే ఉద్దేశ్యము. మన అపార్టుమెంటు గ్రూపులలో మాత్రము ఎనిమిదేళ్ళ పిల్లల ఆట స్కోరు గెలిచినవారి పేర్లతో సహా తిరుగుతూ ఉంటుంది.

ఆదివారము సంగతి దాటివేయలేము. చాలా లీగు ఆటలు ఆదివారము ఉదయమే పెడుతున్నారు. ఒక పక్క ఆరాధన, ఒక పక్క జట్టు. ఈ సందర్భములో మన ప్రసంగీకులు ఎరిక్ లిడెల్‌ను జ్ఞాపకము చేస్తారు. 1924 పారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల పరుగు తొలి పోటీ ఆదివారము వచ్చినందున ఆయన పరుగెత్తలేదు, 400 మీటర్లలో 47.6 సెకండ్లలో బంగారు పతకము గెలిచాడు. మంచి ఉదాహరణే. కాని రెండు సంగతులు మనవారు వదిలివేస్తున్నారు. ఒకటి, ఆయనకు అప్పటికి 22 ఏళ్ళు, నిర్ణయము ఆయనదే. రెండు, ఆటల పట్టిక నెలల ముందే తెలిసినందున ముందే చెప్పి, వేరే పరుగుకు సాధన చేశాడు. శనివారము రాత్రి పది గంటలకు "రేపు మావాడు రాడు" అని గ్రూపులో పెట్టి జట్టును పదిమందితో నిలబెట్టడము వేరు. సీజను మొదటనే పట్టిక అడిగి, రాలేని ఆదివారాలు కోచ్‌కు వ్రాసి ఇవ్వండి. శనివారము ఆడే లీగు దగ్గరలో ఉంటే దానిని చూడండి. బాప్టిస్టు కుటుంబాలు నాలుగైదు కలిసి అడిగితే వేళ మార్చే క్లబ్బులు ఉంటాయి. ఆటకు, సంఘమునకు పుట్టుకతో పగ లేదు. ఇంగ్లండులోని ఫుల్‌హామ్ క్లబ్బు 1879లో ఒక సండే స్కూలు పిల్లల జట్టుగానే మొదలైనది.

చివరగా ఆశల గూర్చి. 2013లో స్థాపించిన బెంగళూరు ఎఫ్.సి. తొలి సీజనులోనే ఐ-లీగు గెలిచినప్పటినుండి ఈ ఊరి తండ్రులందరి కన్నులలో ఒక సునీల్ ఛెత్రి ఉన్నాడు. ఆయన పుట్టినది మన సికింద్రాబాదులోనే అని మనవారు ఇంకాస్త గర్వముగా చెప్పుకుంటారు. ఆశ తప్పు కాదు. అయితే హైదరాబాదువారైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారిని కూడ తలచుకోవాలి. ఆయన బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన జట్టును నాల్గవ స్థానమునకు, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకమునకు నడిపించిన శిక్షకుడు. కుర్రవాళ్ళకు ఆయన పెట్టిన పోటీలలో ఒకటి, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీ. ఆలోచించండి: ఆ పోటీలో ప్రతివాడూ తడబడతాడు, బంతి ఎటో పోతుంది. గట్టు మీదనుండి చూచే తండ్రికి అది ఏమాత్రము గొప్పగా కనబడదు. నేర్చుకోవడము ఎక్కువ భాగము అలాగే ఉంటుంది. ఈ రోజు మీవాడు ఎడమ కాలితో కొట్టబోయి గోలు పోగొట్టుకుంటే, కోచ్ చెప్పిన పాఠము అదే అయి ఉండవచ్చు.

ఫిర్యాదు ఉంటే ఆట అయిన వెంటనే వద్దు. మరునాడు ఫోను చేసి సమయము అడగండి. మీ బిడ్డ ఏమి మెరుగుపరచుకోవాలో అడగండి, ఎదుటివారి బిడ్డను ఎందుకు ఆడించారని అడగవద్దు. పిల్లవాణ్ణి వెంట తీసుకొనివెళ్ళవద్దు. తిరుగు ప్రయాణములో బండిలో ఆట గూర్చి మొదటి మాట పిల్లవాడు ఎత్తేవరకు ఆగండి. ఎత్తకపోతే దోసె తినిపించి ఇంటికి తీసుకొనిరండి. తొమ్మిదవ తరగతికి వచ్చేసరికి బూట్లు మూలన పడవేసిన పిల్లలను మన సంఘాలలోనే చూస్తున్నాము. అడిగితే ట్యూషను అంటారు. కొందరి విషయములో అది నిజమే. కొందరు మాత్రము, బండిలో ఆ గంటన్నర తట్టుకోలేకపోయామని స్నేహితులతో చెప్పుకుంటున్నారు.

వచ్చే కుటుంబ కూడికలో చర్చించుటకు: మీ పిల్లవాడు ఎందుకు ఆడుచున్నాడో ఎప్పుడైనా అడిగారా, ఏమి చెప్పాడు? మీ క్లబ్బులో ఏ నియమము వ్రాతపూర్వకముగా ఉంటే మీ విసుగు తగ్గుతుంది? ఒకే క్లబ్బుకు వెళ్ళే మన కుటుంబాలు ప్రయాణమును పంచుకొనగలవా? పదేళ్ళు దాటిన పిల్లలను కూడ తీసుకొనిరండి. మొదటి ప్రశ్నకు వారినే ముందుగా మాట్లాడనిద్దాము.