ఆండ్రాయిడ్ తొలి ఫోన్, ఎదుట ఐఫోన్ 3జీ: అవగాహన

పోటీ పరీక్షల సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగానికి సిద్ధమయ్యేవారు స్మార్ట్‌ఫోన్ అనగానే తాజా మోడళ్ల మెగాపిక్సెళ్లు, గిగాబైట్లు బట్టీ పడుతుంటారు. ఏడాది తిరక్కుండానే ఆ అంకెలు పాతబడతాయి. అంతకంటే 2008లో జరిగిన ఒక్క పోటీని క్షుణ్ణంగా చదవడం ఎంతో మేలు. ఆపరేటింగ్ సిస్టం, ఓపెన్ సోర్స్, టచ్ తెర, సెన్సర్లు, స్పెక్ట్రం, పోటీ చట్టం... ఇన్ని అంశాలు అందులోనే దొరుకుతాయి. నేటి ఫోన్ ప్రపంచం రెండు శిబిరాలుగా చీలింది అక్కడే.

నేపథ్యం

ఆపిల్ తొలి ఐఫోన్ 2007 జూన్ 29న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఏడాది తర్వాత 2008 జూలై 11న ఐఫోన్ 3జీ 21 దేశాల్లో ఒకేసారి విడుదలైంది. మొదటి మూడు రోజుల్లోనే 10 లక్షల ఫోన్లు అమ్ముడయ్యాయి. ఫోన్ విడుదలకు ఒక రోజు ముందే ఆపిల్ అప్లికేషన్ల దుకాణం యాప్ స్టోర్ తెరుచుకుంది. ఈ రెండు తేదీలను కలిపి గుర్తుంచుకోవాలి. ఐఫోన్ బలం ఫోన్‌లో ఎంత ఉందో, ఆ దుకాణంలోనూ అంతే ఉంది.

అటువైపు ఆండ్రాయిడ్ కథ 2003లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మొదలైంది. యాండీ రూబిన్, రిచ్ మైనర్, నిక్ సియర్స్, క్రిస్ వైట్ కలిసి ఆండ్రాయిడ్ సంస్థను స్థాపించారు. మొదట వారి ఆలోచన డిజిటల్ కెమెరాల కోసం ఆపరేటింగ్ సిస్టం తయారుచేయడం. 2005లో గూగుల్ ఆ సంస్థను కొనేసింది. 2007 నవంబర్ 5న 34 సంస్థలతో ఓపెన్ హ్యాండ్‌సెట్ అలయన్స్ ఏర్పడింది. ఆండ్రాయిడ్‌ను గూగులే పుట్టించిందని రాస్తే తప్పు. కొని, పెంచి, కూటమి కట్టి జనంలోకి తెచ్చింది.

ఆ కూటమి నుంచి వచ్చిన మొదటి ఫోన్ టీ-మొబైల్ జీ1. తయారుచేసింది తైవాన్‌కు చెందిన హెచ్‌టీసీ. దీనికే హెచ్‌టీసీ డ్రీమ్ అనే పేరూ ఉంది. 2008 సెప్టెంబర్ 23న న్యూయార్క్‌లో ఆవిష్కరించి, అక్టోబర్ 22న అమెరికాలో అమ్మకాలు ప్రారంభించారు.

చేతిలోకి తీసుకుంటే

జీ1 అందమైన ఫోన్ కాదు. 158 గ్రాముల బరువు, మందమైన ఒళ్లు. కింది భాగం కొద్దిగా ముందుకు వంగి ఉంటుంది. ఆ వంపు మీద ఐదు బటన్లు, మధ్యలో వేలితో దొర్లించే చిన్న ట్రాక్‌బాల్. తెర అంచును బొటనవేలితో పక్కకు తోస్తే అది చిన్న వంపు తిరిగి టక్కుమని ఆగుతుంది. అడుగున ఐదు వరుసల కీబోర్డు బయటపడుతుంది. విడుదలైన నాటికి తెరమీద టైప్ చేసే సదుపాయమే లేదు. రెండు ముక్కల సందేశం పంపాలన్నా ఫోన్‌ను అడ్డం తిప్పి తెరవాల్సిందే. 2009లో వచ్చిన ఆండ్రాయిడ్ 1.5 కప్‌కేక్‌తో ఆ ఇబ్బంది తీరింది. మామూలు ఇయర్‌ఫోన్ పెట్టుకునే 3.5 మిల్లీమీటర్ల జాక్ కూడా జీ1లో లేదు. పాటల కోసం ఫోన్ కొనే రోజుల్లో ఇది పెద్ద లోటే.

ఐఫోన్ 3జీ బరువు 133 గ్రాములు. ముందు వైపు ఒకే ఒక బటన్. బ్యాటరీ విప్పడానికి, మెమరీ కార్డు పెట్టడానికి వీల్లేదు. జీ1లో రెండూ కుదురుతాయి.

కాగితం మీద అంకెలు చూస్తే జీ1 ముందుంది. కెమెరా 3.2 మెగాపిక్సెళ్లు, ఆటోఫోకస్‌తో; ఐఫోన్‌ది 2 మెగాపిక్సెళ్లు, ఆటోఫోకస్ లేదు. ర్యామ్ 192 మెగాబైట్లు, ఐఫోన్‌లో 128. ధర కూడా తక్కువే: రెండేళ్ల ఒప్పందంతో జీ1 179 డాలర్లు, 8 గిగాబైట్ల ఐఫోన్ 199 డాలర్లు. అయినా జనం ఐఫోన్‌కే బారులు తీరారు. వేలు జరిపితే తెర ఎంత మృదువుగా కదులుతుందో, రెండు వేళ్లతో ఫొటోను ఎలా సాగదీయవచ్చో ఏ పట్టికా చెప్పదు. జీ1లో ఆ రెండు వేళ్ల సౌకర్యం విడుదల నాటికి లేదు.

తెర వెనుక భౌతికశాస్త్రం

రెండు తెరల రిజల్యూషన్ ఒకటే: 320 × 480 పిక్సెళ్లు. కానీ జీ1 తెర 3.2 అంగుళాలు, ఐఫోన్‌ది 3.5. మరి ఏది స్పష్టంగా కనిపిస్తుంది? పైథాగరస్ సూత్రంతో కర్ణం లెక్కిస్తే సుమారు 577 పిక్సెళ్లు వస్తుంది. దాన్ని అంగుళాలతో భాగిస్తే జీ1కు అంగుళానికి 180, ఐఫోన్‌కు 165 పిక్సెళ్లు. చిన్న తెరే ఎక్కువ సాంద్రత గలదన్నమాట. రిజల్యూషన్, పిక్సెల్ సాంద్రత ఒకటే అనుకునేవారిని తికమకపెట్టడానికి ఇలాంటి లెక్క చాలు.

రెండూ కెపాసిటివ్ తెరలే. గాజు మీద ఇండియం టిన్ ఆక్సైడ్ లాంటి పారదర్శక వాహక పదార్థంతో పొర ఉంటుంది. మన వేలు విద్యుత్ వాహకం కాబట్టి తాకిన చోట కెపాసిటెన్స్ మారుతుంది. ఆ మార్పును బట్టి కంట్రోలర్ చిప్ స్థానాన్ని గుర్తిస్తుంది. గోరుతో పొడిచినా, మామూలు గుడ్డ తొడుగు వేసుకుని తాకినా పలకదు. అదే ఏడాది నోకియా ప్రకటించిన 5800 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్‌లో ఉన్నది రెసిస్టివ్ తెర. అక్కడ పై పొర ఒత్తిడికి వంగి కింది పొరను తాకాలి. అందుకే దేనితో నొక్కినా పనిచేస్తుంది, కానీ కాస్త బలంగా నొక్కాలి.

రెండు ఫోన్లలోనూ జీపీఎస్, యాక్సిలరోమీటర్ ఉన్నాయి. దిశను చెప్పే మాగ్నెటోమీటర్ మాత్రం జీ1లోనే ఉంది. గూగుల్ స్ట్రీట్ వ్యూ తెరిచి ఫోన్‌ను చుట్టూ తిప్పితే వీధి దృశ్యం కూడా దానితోపాటే తిరిగేది. ఐఫోన్‌కు ఆ దిక్సూచి 2009లో 3జీఎస్‌తో వచ్చింది.

అసలు తేడా: తాళం ఎవరి చేతిలో?

ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఆపిల్‌ది, పరికరం ఆపిల్‌ది, దుకాణమూ ఆపిల్‌దే. దాని ఆపరేటింగ్ సిస్టం మ్యాక్ ఓఎస్ ఎక్స్ నుంచి పుట్టింది. ఏ అప్లికేషన్ అయినా ఆపిల్ అనుమతి పొందాకే వినియోగదారుడికి చేరుతుంది. డెవలపర్ ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్ అప్పటి అప్లికేషన్ల దుకాణం ఆండ్రాయిడ్ మార్కెట్‌లో ఒక్కసారి 25 డాలర్లు కడితే సరిపోయేది. అంతేకాదు, సెట్టింగ్ మార్చుకుంటే మార్కెట్‌తో పని లేకుండా బయటి నుంచీ అప్లికేషన్ వేసుకోవచ్చు.

ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్ కెర్నెల్. దాని సోర్స్ కోడ్‌ను 2008 అక్టోబర్ 21న బహిరంగపరిచారు. ఎక్కువ భాగానికి అపాచీ 2.0 లైసెన్స్ వర్తిస్తుంది. ఇక్కడ అభ్యర్థులు జాగ్రత్తగా ఉండాలి. ఓపెన్ సోర్స్ అయినది మూల వ్యవస్థ మాత్రమే. జీమెయిల్, మ్యాప్స్, అప్లికేషన్ల మార్కెట్ గూగుల్ సొంత ఆస్తులు. ఈ గీతను గుర్తుపెట్టుకుంటే చివరి అంశం తేలిగ్గా అర్థమవుతుంది.

కొత్తదనంతోపాటు పచ్చిదనమూ జీ1లో కనిపించింది. విడుదలైన కొద్ది వారాలకే ఒక వింత లోపం బయటపడింది. కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరమూ తెరవెనుక సర్వాధికారాలున్న కమాండ్ షెల్‌కు కూడా వెళ్తోంది. ఎవరికో సందేశం రాస్తూ రీబూట్ అనే మాట ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ నొక్కితే ఫోన్ నిజంగానే ఆగి మళ్లీ మొదలయ్యేది. గూగుల్ వెంటనే ఫోన్లకు నేరుగా అప్‌డేట్ పంపి సరిచేసింది.

ఐఫోన్‌కూ లోట్లు తక్కువేమీ కావు. కాపీ-పేస్ట్, ఎంఎంఎస్ 2009 దాకా రాలేదు. బయటి అప్లికేషన్లు వెనుక నడిచే వీలు 2010 దాకా లేదు. జీ1లో ఇవన్నీ, కాపీ-పేస్ట్ కాస్త పరిమితంగానైనా, మొదటి రోజు నుంచే ఉన్నాయి. పై నుంచి కిందికి లాగే నోటిఫికేషన్ల పట్టీ ఇందులోనే వచ్చింది. ఆ తర్వాత ఆపిల్ కూడా 2011లో అలాంటిదే తెచ్చుకుంది.

భారత్‌లో

ఐఫోన్ 3జీ మన దేశంలో 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ ద్వారా విడుదలైంది. 8 గిగాబైట్ల ఫోన్ ధర 31,000 రూపాయలు. అమెరికాలో 199 డాలర్లంటే అప్పటి మారకం ప్రకారం తొమ్మిది వేల లోపే. అక్కడ ఒప్పందం పేరుతో మిగతా భారాన్ని నెట్‌వర్క్ సంస్థ మోసేది. ఇక్కడ కొనేవాడే పూర్తిగా చెల్లించాల్సి వచ్చేది. ఇంతా చేసి పేరులో ఉన్న 3జీ అప్పటికి మన దేశంలో లేనే లేదు. ఎంటీఎన్‌ఎల్ ఢిల్లీలో 2008 డిసెంబర్‌లో మొదలుపెట్టింది. ప్రైవేటు సంస్థలకు 2010 వేలంలో గానీ 3జీ స్పెక్ట్రం దక్కలేదు. ఆండ్రాయిడ్ ఫోన్ మన మార్కెట్‌కు 2009లో హెచ్‌టీసీ మ్యాజిక్ రూపంలో వచ్చింది.

తెలుగువారికి తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో సొంత లిపి కనిపించలేదు. ఫాంటు లేక అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వచ్చేవి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు పక్కపక్కన పేర్చితే సరిపోదు. వాటిని కలిపి ఒకే ఆకారంగా గీసే రెండరింగ్ ఇంజిన్ కావాలి. ఆ పని ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ రాసేటప్పుడు మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం చేరితే, ఆ అక్షరాన్ని చూపించబోయి ఐఫోన్‌లోని అప్లికేషన్లు కుప్పకూలాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిదిద్దింది. యూనికోడ్‌లో తెలుగు పరిధి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు అన్నది కూడా గుర్తుంచుకోదగ్గ బిట్టే.

పోటీ చట్టంతో ముడి

2009 ఏప్రిల్ నాటికి అమెరికాలో జీ1 అమ్మకాలు 10 లక్షలు దాటినట్టు దాన్ని అమ్మిన నెట్‌వర్క్ సంస్థ టీ-మొబైల్ ప్రకటించింది. ఐఫోన్ 3జీ మూడు రోజుల్లో చేరిన అంకె అది. ఫోన్‌గా జీ1 ఓడింది. దాని ఆపరేటింగ్ సిస్టం మాత్రం ఎందరో తయారీదారుల చేతుల్లోకి వెళ్లి, ఆపిల్ అడుగుపెట్టని ధరల్లో ప్రపంచమంతా పాకింది. చిన్నవాడిగా మొదలైన ఆండ్రాయిడే భారత్‌లో ఆధిపత్య శక్తి అయింది. ఫోన్ తయారీదారులు గూగుల్ అప్లికేషన్లన్నీ కట్టగట్టి ముందే వేయాలన్న షరతులు ఆ ఆధిపత్య దుర్వినియోగమేనంటూ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆధారం 2002 కాంపిటీషన్ చట్టంలోని సెక్షన్ 4. 2023 మార్చిలో జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను సమర్థిస్తూనే కమిషన్ ఆదేశాల్లో కొన్నింటిని పక్కనపెట్టింది.

సాధన ప్రశ్న

‘ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం కూడా గుత్తాధిపత్యానికి దారితీయవచ్చు.’ ఆండ్రాయిడ్ ఉదాహరణతో చర్చించండి. జవాబును జీ1 విడుదలతో మొదలుపెట్టి, మూల వ్యవస్థకూ గూగుల్ సొంత అప్లికేషన్లకూ మధ్య తేడాను చూపి, సెక్షన్ 4 ప్రకారం కమిషన్ తప్పుపట్టిన షరతుల దాకా రాయండి. మెగాపిక్సెళ్ల జోలికి వెళ్లనక్కర్లేదు.