మెదడు రసాయనాలను కొలిచే కొలువు

ఎంఆర్ఐ అంటే మెదడు బొమ్మ తీయడమేనని చాలామంది అనుకుంటారు. సూది గుచ్చకుండా, ముక్క తీయకుండా మెదడులో ఏ రసాయనం ఎంతుందో కూడా అదే యంత్రంతో కొలవచ్చు. ఆ పద్ధతే మాగ్నెటిక్ రెజొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ, పొట్టిగా ఎంఆర్ఎస్. ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి టీచింగ్ తప్ప వేరే దారి లేదనుకునేవాళ్లు ఇటు తప్పక చూడాలి.

పని ఇలా ఉంటుంది. అనుమానం ఉన్న చోట బొమ్మ మీద సుమారు రెండు సెంటీమీటర్ల పెట్టె గీస్తారు. కొన్ని నిమిషాలకు తెర మీద శిఖరాలతో ఒక గీత (స్పెక్ట్రమ్) వస్తుంది. దాని అడుగున ఉండే పీపీఎం స్కేలు మీద 2.02 దగ్గరి శిఖరం ఎన్ఏఏ అనే రసాయనానిది, అది న్యూరాన్ల ఆరోగ్యానికి గుర్తు. 3.2 దగ్గర కోలిన్. చాలా కణితుల్లో మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. 1.3 దగ్గర లాక్టేట్ కనిపిస్తే కణాలు ఆక్సిజన్ వాడకుండా గ్లూకోజ్‌ను మండిస్తున్నాయేమో చూడాలి. అయితే పెట్టె పుర్రెకు మరీ దగ్గరైతే నెత్తి చర్మంలోని కొవ్వు సిగ్నల్ వచ్చి సరిగ్గా ఆ లాక్టేట్ మీదే పడుతుంది. నీటి సిగ్నల్ వీటన్నిటికంటే వేల రెట్లు పెద్దది, దాన్ని అణచాలి. అయస్కాంత క్షేత్రాన్ని పెట్టెంతటా సమం చేయాలి. దీన్నే షిమ్మింగ్ అంటారు. ఇవేవీ కుదరకపోయినా సాఫ్ట్‌వేర్ అంకెలు ఇచ్చేస్తుంది! ఆ అంకెల్ని నమ్మి రోగికి రిపోర్టు రాయడం ప్రమాదం. ‘ఈ గీత పనికిరాదు, మళ్లీ తీయండి’ అనగలిగే మనిషే ఈ రంగానికి కావాలి.

స్పెక్ట్రోస్కోపీ ఒక్కదానికే ఉద్యోగాలు తక్కువ, ఆ మాట ముందే తెలుసుకోండి. ఎంఆర్ఐ టెక్నాలజిస్టుకు, స్కానర్ కంపెనీల్లో అప్లికేషన్ స్పెషలిస్టుకు, పరిశోధకులకు ఇది అదనపు బలం. బీటెక్ వాళ్లు గేట్‌లో బయోమెడికల్ పేపర్ రాయవచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగం ఉంది. పరిశోధనకైతే ఢిల్లీ ఎయిమ్స్ ఎన్ఎంఆర్ విభాగం, మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరు నిమ్హాన్స్ చూడండి.

సీటు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ముందు ఎంఆర్ఎస్‌కు మూలమైన ఎన్ఎంఆర్ పాఠం గట్టిగా చదవండి, పైథాన్ నేర్చుకోండి. ఈ గీతల్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్లలో ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సిన ఎల్‌సీమోడల్ ఇప్పుడు ఉచితం. ఆస్ప్రీ, ఎఫ్ఎస్ఎల్-ఎంఆర్ఎస్ కూడా ఉచితమే. చాలా దేశాల ల్యాబులు కలిసి సేకరించిన ‘బిగ్ గాబా’ అనే ఎంఆర్ఎస్ డేటా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాన్ని విశ్లేషించి, ఏ స్పెక్ట్రమ్ ఎందుకు పక్కన పెట్టారో రెండు పేజీల్లో రాసి ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి.