కంటి నరానికి దారి చెప్పేదెవరు?

నారాయణఖేడ్‌లో బస్సెక్కితే జోగిపేట, సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ చేరతాం. దారిలో బోర్డులుంటాయి, కండక్టర్ కేకేస్తాడు. మరి తల్లి కడుపులో, బిడ్డ కంటి నుంచి మెదడుకు బయల్దేరే సుమారు 10 లక్షల నరాల పోగులకు దారి చెప్పేదెవరు?

ప్రతి పోగు కొసన 'గ్రోత్ కోన్' ఉంటుంది. చుట్టూ ఉన్న రసాయనాలను తడుముకుంటూ సాగుతుంది. కొన్ని రమ్మంటాయి, కొన్ని పొమ్మంటాయి. రెటీనాలో ముక్కు వైపు పోగులు కూడలి దాటి అవతలి పక్కకు వెళ్తాయి. చెవి వైపు పోగులు చాలావరకు, ఎఫ్రిన్-బి2 అడ్డుపడటంతో, తమ పక్కకే మళ్లుతాయి.

1940లలో రోజర్ స్పెర్రీ కప్ప కంటి నరం కోసి, కన్నును తలకిందులుగా తిప్పాడు. నరం మళ్లీ పెరిగి పాత చోటికే చేరింది. ఎర పైన ఉంటే కప్ప కిందికి దూకింది! అంటే ఈ దారి నేర్చుకున్నది కాదు, రసాయనాల్లో రాసి ఉన్నదే.

కానీ ఆ కనెక్షన్లు గట్టిపడాలంటే పుట్టాక చూపు కావాలి. హ్యూబెల్, వీజెల్ పిల్లి కూనలకు ఒక కన్ను మూసి ఉంచితే, మెదడులో ఆ కంటి వాటా తగ్గిపోయింది. ఈ ముగ్గురికీ 1981లో నోబెల్ వచ్చింది.

అందుకే పసిబిడ్డ కంటిపాప తెల్లగా ఉన్నా, మెల్లకన్ను కనిపించినా 'పెద్దయ్యాక చూద్దాంలే' అనొద్దు. వెంటనే కంటి డాక్టర్‌కు చూపించమనండి. బస్సు పోతే ఇంకోటొస్తది, ఈ వయసు మళ్లీ రాదు.