బఫరు: బైట్లకు తావు కేటాయించు విధము

మన అనకాపల్లి బెల్లమునకు పేరుగన్నది. గానుగలో చెఱకాడించువారు రసము పట్టు తొట్టె కొలత ముందే చూచుకొందురు. అది చాలకున్న రసము నేలపాలగును. కంప్యూటరులో బైట్లు నిలుచు అట్టి తొట్టెయే బఫరు.

దాని కొలతయొద్దనే మన పిల్లలు పొరపడుదురు. "అనకాపల్లి" యన్నచో కంటికి అక్షరములైదు. యూనికోడులో దీర్ఘము, పొల్లు, గుడి వేఱు గుర్తులగుటచేత నవి తొమ్మిది. 1992లో కెన్ థాంప్సను, రాబ్ పైకు అనువారు కల్పించిన యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకొక బైటు చాలును. తెలుగు గుర్తునకు 3 కావలెను. అనగా మన యూరి పేరునకు 27. ఇంగ్లీషు పేళ్లకై చేసిన 20 బైట్ల బఫరులో దానిని ద్రొక్కి మిగిలినది కోసివేసినచో, "అనకాపల" వఱకు 18 బైట్లు సరిగా నుండి, పొల్లులోని రెండు బైట్లు తెగి మిగులును. తెరమీద తఱచుగా నల్లని పలకలో ప్రశ్నార్థకము కనబడును. తప్పు యంత్రముది కాదు, లెక్కించినవానిది.

జావా భాషలో 2002 నాటి 1.4వ కూర్పు మొదలుకొని బైట్‌బఫర్ కలదు. అలొకేట్ అను ఆజ్ఞతో 40 బైట్లు కోరినచో సున్నలతో నిండిన తావు లభించును. దానికి కెపాసిటి మొత్తము తావు, లిమిట్ హద్దు, పొజిషన్ ఇప్పుడు చేయి యున్న చోటు. పేరు వ్రాసిన పిదప పొజిషన్ 27. అట్లే చదువబోయినచో పేరు రాదు, తరువాతి 13 సున్నలు వచ్చును. ముందు ఫ్లిప్ అనవలెను. అప్పుడు లిమిట్ 27కును, పొజిషన్ సున్నకును వచ్చును. ఈ యొక్క మాట మఱచి మేమును ఒక సాయంకాలమంతయు వ్యర్థపుచ్చితిమి. హద్దు మీఱి వ్రాసినచో జావా తప్పు చూపి యాగును.

సీ భాషలో ఆ కాపలా లేదు. మాలాక్ ఇచ్చు తావులో పాత బైట్లుండవచ్చును. పేరు చివరి సున్నకు తావు చేర్చి 28 కోరవలెను. పని తీఱినంతట ఫ్రీ అని తిరిగి యీయవలెను. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌నందు బయటపడిన హార్ట్‌బ్లీడ్ దోషము కొలత చూడకపోవుటవలననే కలిగెను. అవతలివాడు కొద్ది బైట్లు పంపి, వేలకొలది పంపితినని చెప్పెను. యంత్రము నమ్మి, ప్రక్కనున్న పరుల రహస్యములను గూడ తిరిగి పంపుచుండెను.

విద్యార్థులు తమ పేళ్లను గుర్తులుగా విడదీసి మూటితో హెచ్చించి చూడుడు. లక్ష్మి యను రెండక్షరముల పేరు 21 బైట్లగును.