పురుగు, పక్షి, విమానము

తొలకరి వాన కురిసిన సాయంకాలము కౌతాళము చేలలో పుట్టలనుండి ఉసిళ్ళు వేలకొలదిగా లేచును. వెంటనే కాకులు, గోరువంకలు, గ్రద్దలు అచ్చటికి చేరును. నల్లరేగడిలో గుంటక తోలునపుడు కొంగలు ఎద్దుల వెంట నడుచును. మేత యున్న చోటికి పక్షి వచ్చుట ప్రకృతి ధర్మము. పంటను తిను పురుగును పక్షి తినుట రైతునకు మేలు. కాని విమానాశ్రయమున ఈ ధర్మమే ప్రాణాపాయమునకు కారణము కాగలదు.

మన జిల్లాలో ఓర్వకల్లు వద్ద ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయము 2021 మార్చిలో ప్రారంభమైనది. ఏ విమానాశ్రయమునందైనను రన్‌వే ప్రక్కన విశాలమైన గడ్డినేల యుండును. అందు మిడుతలు, పేడపురుగులు పెరుగును. రాత్రివేళ దీపములకు రెక్కల పురుగులు మూగును. గడ్డి కోసినపుడు పురుగులు బయటపడును. వాటికై పక్షులు దిగును. విమానము నేల విడుచునపుడును, దిగునపుడును పక్షులు ఎగురు ఎత్తులోనే యుండును. ఇంజనులో పక్షి పడినచో లోపల తిరుగు రెక్కలు దెబ్బతిని ఇంజను ఆగిపోవచ్చును.

చిన్న పక్షులైనను గుంపుగా వచ్చినచో ప్రమాదమే. 1960 అక్టోబరు 4న అమెరికాలోని బోస్టన్ నగరమున ఒక విమానము పైకి లేచిన కొద్ది క్షణములకే పక్షుల గుంపు తగిలి సముద్రపు నీటిలో కూలినది. 62 మంది మరణించిరి. ఆ పక్షులు మన గోరువంకల కుటుంబమునకు చెందినవి. గడ్డినేలలో పురుగులను ఏరి తినునవి.

పక్షులను చంపుట దీనికి పరిష్కారము కాదు. మేత యున్నంత కాలము ఒక గుంపు పోయిన వేరొక గుంపు వచ్చును. మేతను తొలగించుటయే మార్గము. అందుకే విమానాశ్రయములలో గడ్డిని తగిన ఎత్తున ఉంచుదురు; నీరు నిలువనీయరు; పురుగులను అదుపు చేయుదురు.

అయితే పక్షికి ప్రహరీగోడ అడ్డు కాదు. వెలుపల చెత్తకుప్పలో ఈగలు, పురుగులు పెరిగినను, పశు కళేబరము పడియున్నను గ్రద్దలు అచ్చట తిరుగును. కావుననే 1937 నాటి విమాన నియమావళిలోని 91వ నియమము, విమానాశ్రయమునకు 10 కిలోమీటర్ల పరిధిలో అనుమతి లేక పశువులను వధించుటను, తోలు ఒలుచుటను, పక్షులను ఆకర్షించు చెత్తను వేయుటను నిషేధించినది.

కౌతాళము ఓర్వకల్లునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. ఈ నియమము మనకు వర్తింపదు. కాని ఓర్వకల్లు చుట్టుప్రక్కల పంచాయతీల సభ్యులకు ఇది నిత్య విధి. వారు ముఖ్యముగా పాటింపవలసినవి మూడు:

1. చనిపోయిన పశువులను లోతుగా పూడ్పించుట.
2. మాంసపు అంగళ్ళ వ్యర్థములను మూతగల గుంతలలో వేయించుట.
3. ఊరి చెత్తను ఆరుబయట కుప్పలు పోయనీయకుండుట.

ఈ పనుల వలన ఊరిలో ఈగలు తగ్గును, రోగములు తగ్గును. కనుక విమానాశ్రయము దూరమున నున్న గ్రామములును వీటిని చేపట్టుట శ్రేయస్కరము. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు తేవలసినదిగా పంచాయతీ సభ్యులకు మనవి చేయుచున్నాము.