గరాజులో చేసిన టర్బో కంట్రోలర్

వారమంతా కోడు రాసే మనకు శనివారం చేతులకు గ్రీజు అంటే పని దొరికితే అదో తృప్తి. నా దగ్గర 1997 నాటి డాడ్జ్ రామ్ ట్రక్కు ఉంది. దానిలోది ఆరు సిలిండర్ల, 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజను. ట్రైలరు తగిలించి డెన్వర్ నుంచి కొండలెక్కేటప్పుడు ఆయాసపడుతోందని, టర్బో ఒత్తిడిని పెంచే పరికరం ఒకటి సొంతంగా తయారుచేశాను. పరికరం పనిచేసింది. నేను చేసిన పొరపాటు మాత్రం మన వృత్తిలో అందరికీ పరిచయమైనదే.

ముందు టర్బో సంగతి చూద్దాం. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని కుదించి సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ డీజిల్ శుభ్రంగా మండుతుంది. దాంతో పొగ పెరుగుతుంది, చక్రం వేగం ఇంకా పెరుగుతుంది. ఈ లూపును ఆపే షరతే వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు. కుదించిన గాలి ఒక సన్నని రబ్బరు గొట్టంలోంచి వచ్చి, ఆ తలుపును మూసి ఉంచే స్ప్రింగును నెడుతుంది. ఒత్తిడి హద్దు దాటగానే తలుపు తెరుచుకుని, కొంత పొగ చక్రాన్ని తాకకుండా పక్కదారిన పోతుంది.

నా పరికరం చేసేదల్లా ఈ ఫీడ్‌బ్యాక్‌కు అబద్ధం చెప్పడమే. గొట్టాన్ని మధ్యలో కోసి ఇత్తడి టీ బిగించాను. టీ మూడో కాలికి నీడిల్ వాల్వు. దాన్ని కొంచెం తెరిస్తే గాలి కొంత బయటికి కారిపోతుంది. తలుపు 18 పిఎస్ఐ దగ్గర తెరుచుకుంటుందనుకోండి. ఒత్తిడిలో ముప్పాతిక వంతే స్ప్రింగుకు చేరితే, అసలు ఒత్తిడి 24 అయితేగాని తలుపు కదలదు. బూస్ట్ గేజి, పొగ వేడిని చూపే పైరోమీటరు ముందే పెట్టుకున్నాను. అవి లేకుండా ఈ పని చెయ్యడమంటే లాగులు చూడకుండా సర్వరు నడపడమే.

ఊళ్ళో వారం రోజులు బాగానే నడిచింది. తర్వాత ట్రైలరుతో ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం వైపు ఎక్కుతున్నాం.

"ఏమండీ, ఆ ముల్లు అలా పోతోందేమిటి?" అంది మా ఆవిడ.

ముల్లు 30 దాటింది! వెంటనే కాలు తీసేశాను. డీజిల్ తగ్గగానే ముల్లు దిగింది. పక్కన ఆపి బానెట్ ఎత్తి చూస్తే, టీ దగ్గర గొట్టం ఊడి ఉంది. నేను క్లిప్పు వెయ్యలేదు.

గొట్టం ఊడితే స్ప్రింగుకు చేరే ఒత్తిడి సున్నా. వేస్ట్‌గేట్ లెక్కలో టర్బో తిరగడమే లేదు, కాబట్టి తలుపు మూసే ఉంటుంది. సందేశం రాకపోతే 'అంతా క్షేమం' అనుకునే ప్రోగ్రాము లాంటిదన్నమాట. ఈ బలహీనత మొదటినుంచీ ఉన్నదే. అయితే నా పుణ్యాన రెండు అతుకులు నాలుగయ్యాయి.

ఇంకో సంగతి. గేజి చూపేది బయటి గాలికన్నా ఎంత ఎక్కువో మాత్రమే. బయటి ఒత్తిడి డెన్వర్‌లో సుమారు 12 పిఎస్ఐ, 11,000 అడుగుల పైనున్న ఆ సొరంగం దగ్గర సుమారు 10. గేజి మీద అదే 24 కనిపించాలంటే డెన్వర్‌లో గాలిని మూడు రెట్లు కుదిస్తే చాలు, అక్కడ 3.4 రెట్లు కుదించాలి. అంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి. నేను ఊళ్ళో చేసిన పరీక్ష కొండ మీదికి చాలలేదు.

ఇంటికి రాగానే టీ తీసేసి ఒకే ముక్క గొట్టం వేశాను. పైగా అమెరికాలో రోడ్డు మీద తిరిగే బండి ఉద్గారాలను అదుపు చేసే భాగాలను మార్చడం క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద చిక్కు తెస్తుంది. రోడ్డెక్కని బండి మీద మీరు ప్రయత్నిస్తే ముందు ప్రతి అతుకునూ చేత్తో ఊడదీసి, 'ఇది ఊడితే తలుపు తెరుచుకుంటుందా, మూసుకుంటుందా?' అని కాగితం మీద రాసుకోండి. నేను ఆ పది నిమిషాలూ వెచ్చించలేదు.